రైలుకట్ట మీద నీలిగడ్డం

మా ఆడపడుచు ఒటిలీ చర్చిలో మోకరిల్లినదానికంటే పెరట్లో మోకరిల్లిందే ఎక్కువ. ఈ మాట నాది కాదు, ఆవిడ సొంత తమ్ముడు, మా ఆయన ఎడ్విన్‌ది. ఏప్రిల్ నెలాఖరులో మా లిపోవ్ ఊళ్ళో ఎవరికైనా ఆవిడతో పనిపడితే వీధి తలుపు తట్టేవాళ్ళు కాదు. తిన్నగా ఇంటి వెనక్కి వెళ్ళి, నేల మీద నీలం కోటు ఎక్కడ కనిపిస్తే అక్కడికి పోయేవాళ్ళు.

ఆవిడ పెంచేవి పొట్టి గడ్డం ఐరిస్‌లు. మొక్క మొత్తం జానెడు ఉంటే గొప్ప. మూడు రేకులు పైకి నిలబడతాయి, మూడు కిందికి వాలతాయి. వాలిన ప్రతి రేకు మీదా గొంగళిపురుగు పడుకున్నట్టు ఒక నూగు కుచ్చు ఉంటుంది. అదే గడ్డం. నడుము ఎత్తు పెరిగే పెద్ద ఐరిస్‌లు మా జిల్లాలో ప్రతి వాకిట్లోనూ ఉంటాయి గాని, వాటికి నెల ముందు, ఇంకా చలిగాలి వీస్తూండగానే పూసే ఈ చిట్టివాటిని పట్టించుకునేవాళ్ళు ఊరికి ఒక్కరు కూడా ఉండరు. లిపోవ్‌కు ఆ ఒక్కరూ మా వదిన.

నేను చెప్పబోయే సంగతి జరిగిననాటికి ఆవిడకు యాభై రెండేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. పట్టాల పక్కనున్న ధాన్యం గోదాములో లారీలు తూచేది. ఇల్లు కూడా పట్టాల పక్కనే. పెరటి కంచె దాటితే రైలుకట్ట. కోటు జేబులో ఎప్పుడూ ఉక్కు స్కేలు, భూతద్దం, సన్నటి పట్టకారు, మడతలు పడిన నోటుపుస్తకం ఉండేవి. పువ్వు విచ్చీ విచ్చకముందే, తేనెటీగలు లేవకముందే వెళ్ళి వాలురేకులు మూడూ తుంచేసేది, ఈగ వాలడానికి చోటు లేకుండా. తర్వాత పట్టకారుతో ఇంకో మొక్క పుప్పొడి తెచ్చి లోపల రాసి, కాడకు చీటీ కట్టేది. చీటీ మీద తల్లి పేరు, తండ్రి పేరు. వేసవిలో కాయ, శీతాకాలం ముందు విత్తు, మరుసటి వసంతంలో మొలక, ఆ పై వసంతానికి పువ్వు. వంద మొలకల్లో నిలిచేవి ఒకటో రెండో.

"మిగతా తొంభై ఎనిమిదీ ఏం చేస్తావే అక్కా?" అని ఎడ్విన్ అడిగేవాడు.

"పారేస్తాను."

"పుట్టించడం దేనికి, పారేయడం దేనికి?"

"పారేయడమేరా అసలు పని. పుట్టించడం ఈగలకు కూడా చేతనవును."

ఆవిడ అలా అనడానికి హక్కున్న మనిషే. ఐరిస్ సంఘం వాళ్ళ దగ్గర ఐదేళ్ళు శిక్షణ పొంది, పరీక్షలు రాసి జడ్జి అయింది. మొక్కను రెండు వసంతాలు చూడనిదే తీర్పు చెప్పకూడదని ఆవిడ నియమం. నచ్చనివాటిని తవ్వి, తోపుడుబండిలో వేసి, పెరటి కంచె మీదుగా రైలుకట్ట మీదికి కుమ్మరించేది. కుమ్మరించాక అటు తిరిగి చూసేది కాదు.

1961లో మా జిల్లా పొట్టి ఐరిస్‌ల పోటీ చర్చి కింది హాల్లో జరిగింది. ఇంత చిన్న పూలకు కూజాలు పనికిరావు కదా, అందరం ఏడాది పొడుగునా వెనిలా ఎసెన్స్ సీసాలు దాచేవాళ్ళం. బల్లల మీద తెల్లగుడ్డ పరచి, వంద సీసాలు వరసలు కట్టి, ఒక్కోదానిలో ఒక్కో కాడ పెట్టాం. జడ్జి మా వదిన. ఆవిడ చెప్పింది రాసుకుంటూ వెనకాలే నడిచే పని నాది. జడ్జి నడుస్తున్నంతసేపూ హాల్లో ఎవరూ మాట్లాడరు, బూట్ల చప్పుడు తప్ప.

మూడో బల్ల చివర ఆవిడ ఆగిపోయింది. నేను పెన్సిలు పట్టుకుని ఎదురుచూశాను. ఆవిడ భూతద్దం తీసింది.

ఆ సీసాలో పువ్వు తేనె మాడిన రంగులో ఉంది. గడ్డం మాత్రం నీలం. లేతనీలం కాదు, కొత్త సిరా రంగు. వాలురేకు మధ్యలో బొటనవేలు ఒత్తి తీసినట్టు ఒక ముదురు మచ్చ. చీటీ మీద పెన్సిలుతో 'పేరు తెలియదు' అని ఉంది.

"బ్లాంచ్, ఈ వేలిమచ్చ చూడు" అంది మెల్లిగా.

నాకు అర్థమైంది. ఆ మచ్చ ఉన్న మొక్కలు మా రాష్ట్రంలో మా వదిన దగ్గర తప్ప లేవు. యుద్ధమయ్యాక, మా పెద్దలు వదిలి వచ్చిన మొరావియాలోనే ఉండిపోయిన మా మేనత్త వరస ఆవిడ అక్కడి కొండ మీద ఏరి, ఉత్తరంలో పెట్టి పంపిన గింజల్లోంచి వచ్చిన మచ్చ అది. పదేళ్ళుగా వదిన దాన్ని రకరకాల రంగుల్లోకి ఎక్కించుకుంటూ వస్తోంది. నీలిగడ్డం మాత్రం ఎన్ని జతలు కట్టినా రాలేదు.

పేరు లేని పువ్వుకు బహుమతి రిబ్బను ఇవ్వడానికి వీల్లేదు. అదే రాయమంది, రాశాను. మిగతా బల్లలన్నీ ఆవిడ పూర్తి చేసింది గాని, ఆ తర్వాత ఒక్కదాన్ని కూడా చూసినట్టు నాకు అనిపించలేదు.

తలుపులు తీసి అందర్నీ లోపలికి రానిచ్చాక ఆ సీసా దగ్గరికి ఒకామె వచ్చి నిలబడింది. ముప్పై ఏళ్ళుంటాయి. చంకలో ఏడాది నిండని పాప. ఎర్లిందా బారాహాస్ అని పట్టాల అవతల రైల్వే గ్యాంగు ఇళ్ళలో ఉంటుంది. భర్త త్రినిదాద్ రైలుపట్టాల మరమ్మతు పని చేస్తాడు. ఆ ఇళ్ళకూ మా వదిన పెరటికీ మధ్య కట్ట ఒక్కటే అడ్డం. అయినా అప్పటిదాకా మేము ఒకరితో ఒకరం మాట్లాడుకున్నది లేదు.

"ఈ మొక్క నీకెక్కడిదమ్మా?" అని అడిగింది వదిన.

"కట్ట కింద, తూము దగ్గర దొరికిందండీ. వేలంత ఉంది అప్పుడు. ఈ ఏడే మొదటిసారి పూసింది."

"ఇది నాది."

వదిన మనసులో చెడ్డ ఉద్దేశమేమీ లేదు. లారీ తూకం చెప్పినట్టే చెప్పింది. కాని ఆ మాట నలుగురిలో ఎలా వినపడుతుందో ఆవిడకు తట్టలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు.

ఎర్లిందా మొహం ఎర్రబడింది. "నేను మీ దొడ్లోకి రాలేదండీ. మీ కంచె ముట్టుకోలేదు. కట్ట మీద పడి ఉన్నది తీసుకుంటే దొంగతనమా?"

"అది కాదమ్మా, నేననేది..."

"విన్నాను లెండి మీరన్నది" అంటూ సీసాలోంచి కాడ తీసుకుని, తడి కారుతుండగానే పాప ముక్కుకు తగలకుండా పైకెత్తి పట్టుకుని వెళ్ళిపోయింది. సీసా బల్ల మీద ఉండిపోయింది.

ఆ రాత్రి వదిన మా ఇంట్లో భోంచేసింది. బాధపడుతోందని అనుకున్నాను. పడుతోంది, కాని ఎర్లిందా గురించి కాదు.

"అలాంటి మొక్కను నేనెలా పారేశాను?" అంది చెంచా కింద పెట్టి.

నోటుపుస్తకం తిరగేసింది. 1957లో మాత్రం రెండు వసంతాలు ఆగకుండా మూడు వరసలు ఏరి పారేసింది. ఆ వసంతం ఏప్రిల్ చివర్లో మంచు కురిసి మొగ్గలు మాడిపోయాయి. సగం మొక్కలు అసలు పూయనే లేదు. నియమం ప్రకారం ఇంకో ఏడు ఆగాలి. చోటు చాలక, కొత్త మొలకలకు జాగా కావలసి, ఆకులూ దుంపలూ చూసి తీర్పు చెప్పి పారేసింది. రాసుకున్న మాట కూడా పుస్తకంలో ఉంది: 'మూడు వరసలు. చెప్పుకోదగ్గది లేదు.'

"చెప్పుకోదగ్గది లేదట" అని చదివి పుస్తకం మూసేసింది.

"నువ్వు ముందు ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి మాట్లాడు వదినా" అన్నాను నేను. "దొంగ అన్నావని ఊరంతా అనుకుంటోంది."

"దొంగ అని నేనెప్పుడన్నాను?"

"అనలేదు. అన్నట్టు వినపడింది."

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం వెళ్ళాం. గసగసాలు పెట్టి కాల్చిన రొట్టెలు గుడ్డలో చుట్టుకుని, ఆ వెనిలా సీసా కూడా కడిగి పట్టుకెళ్ళింది వదిన. త్రినిదాద్ తలుపు తీశాడు, మమ్మల్ని చూసి టోపీ తీసి లోపలికి కేకేశాడు. ఎర్లిందా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

"మొన్న నేను మాట్లాడిన తీరు బాగాలేదు" అంది వదిన. "నీ సీసా తెచ్చాను."

"పువ్వు అడగడానికొచ్చారా?"

"చూడ్డానికొచ్చాను."

"చూడండి. ఇవ్వను మాత్రం."

"ఇవ్వొద్దు" అంది వదిన, అప్పటికే మోకాళ్ళ మీదికి దిగుతూ.

గ్యాంగు ఇంటి దక్షిణపు గోడ వారన, మిరప మొక్కల కోసం తవ్వి ఉంచిన మడి అంచున ఉంది అది. ఇంకా రెండు పూలున్నాయి. వదిన స్కేలు తీసి కొలిచింది, ఏడుంపావు అంగుళాలు. ఆకుల వెడల్పు కొలిచింది, కొమ్మలు లెక్కపెట్టింది, వాసన చూసింది. పావుగంట తర్వాత ఎర్లిందా కూడా పక్కన కూర్చుంది. ఎందుకంటే ఈవిడ ఏం చూస్తోందో తెలుసుకోవాలని ఆమెకూ ఉంది.

"మా ఇంట్లో దీన్ని తాతయ్య అంటాం. గడ్డం ఉంది కదా" అంది కాసేపటికి.

వదిన నవ్వలేదు. "దీని అమ్మానాన్నలెవరో నాకు తెలియాలి" అంది.

"తెలిసి?"

"తెలిస్తే మళ్ళీ అదే జత కట్టి చూడొచ్చు. నేను పారేసిన మూడు వరసల తల్లిదండ్రులూ నా దగ్గరున్నారు. ఆ మూడింట్లో ఒక జత బిడ్డ ఇది. అది ఏదో నేను తేల్చాలి."

"తేలకపోతే నిద్ర పట్టదా మీకు?"

"పట్టదు."

ఎర్లిందా కొంచెంసేపు ఆవిడను తేరిపార చూసి, లోపలికెళ్ళి కాఫీ తెచ్చింది.

ఆ ఏడాది వదిన మూడు జతలూ మళ్ళీ కట్టింది. మొత్తం నూటనలభై మొలకలు వచ్చాయి. వాటికి చోటు కోసం బంగాళాదుంపల మడి ఎత్తేసింది. ఎడ్విన్ మా ఇంటి దుంపలు బస్తాతో మోసుకెళ్ళి, "నీ గడ్డాలు ఉడకబెట్టుకు తినలేవు కదే" అని ఆవిడ వంటింట్లో దించి వచ్చాడు. రెండేళ్ళు గడిచాయి. ఈలోగా ఎర్లిందా శనివారాలు కట్ట దాటి రావడం మొదలుపెట్టింది. పాప రోసాల్బాను తోపుడుబండిలో కూర్చోబెట్టి, వదిన వెనకే వరసల్లో తిరుగుతూ, వాలురేకులు ఎందుకు తుంచుతారు, పుప్పొడి ఎన్నాళ్ళు నిలవుంటుంది, పొట్టిదానికీ పొడుగుదానికీ జత కడితే ఏమొస్తుంది అని అడిగేది. వదినకు ప్రశ్నలడిగే మనిషంటే ప్రాణం. నేను ఇరవై ఏళ్ళలో అడిగినవాటికంటే ఎర్లిందా ఒక్క వేసవిలో ఎక్కువ అడిగింది.

1963 ఏప్రిల్ చివరి వారంలో ఆ నూటనలభై పూశాయి. పసుపు, తెలుపు, ఊదా, ఇటుకరంగు కూడా. వేలిమచ్చ చాలావాటికి ఉంది. నీలిగడ్డం ఒక్కదానికీ లేదు. రోజూ పొద్దున గోదాముకు పోయే ముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి వరసలన్నీ చూసేది. చివరి మొగ్గ విచ్చిన రోజు తూకం గదిలోంచి నాకు ఫోను చేసి, "గడ్డం తెల్లది" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది.

ఐరిస్ వాళ్ళలో ఒక అలవాటుంది. తొమ్మిదిమంది కలిసి ఒకే లావుపాటి కవరులో ఉత్తరాలు పెట్టి, ఒకరి నుంచి ఒకరికి దేశం చుట్టూ తిప్పుకుంటారు. తన వంతు రాగానే పాత ఉత్తరం తీసేసి కొత్తది పెట్టి, పై మనిషికి పంపాలి. వదిన తన చిక్కంతా ఆ కవరులో రాసింది. తిరిగి వచ్చేసరికి ఎనిమిదిమందీ ఎనిమిది ఊహలు రాశారు. మంచు వల్ల అని ఒకరు, నీ చీటీలు తారుమారయ్యాయని ఒకరు. ఆ రెండోదానికి వదిన రోజంతా మండిపడింది. ఆరెగాన్‌లో ఉండే ఒక ముసలి పశువుల డాక్టరు మాత్రం రెండే వాక్యాలు రాశాడు. 'ఆ మొక్క దొరికిన చోటు ఎలా ఉంటుంది? నువ్వు చూశావా?'

వదిన ఆ కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"నేను చూళ్ళేదు బ్లాంచ్" అంది. "పాతికేళ్ళుగా ఈ కంచె మీదుగా కుమ్మరిస్తున్నాను. ఒక్కసారి దిగి చూళ్ళేదు."

"ఎందుకు చూళ్ళేదు?"

"ఏమో. పారేసినవాటి మొహం చూడ్డం ఇష్టం లేక కాబోలు."

ఆ శనివారమే ఎర్లిందాను వెంటబెట్టుకుని ముగ్గురం దిగాం. త్రినిదాద్ పైన పట్టాల మీద నిలబడ్డాడు, బండి వస్తే కేకేస్తానని. కట్ట ఏటవాలుగా, ఎండు గడ్డితో జారుతూ ఉంది. కంచె కిందనే, వాలు పైభాగంలో వదిన కుమ్మరించిన గుట్టలున్నాయి. చచ్చిపోయాయనుకున్నవి గుంపులు గుంపులుగా బతికున్నాయి. ఒక్కో గుంపు చాటంత. ఒకదాని మొదట్లో పాత జింకు చీటీ కూడా దొరికింది. వదిన ఉమ్మి రాసి తుడిచి చదివింది. 1957లో పారేసిన వరసల్లో ఒకటి.

"ఇదిగో, ఇక్కడ ఎండుకాయలు" అంది ఎర్లిందా.

నిజమే. పోయినేటి కాయలు పగిలి, నోళ్ళు తెరుచుకుని నిలబడి ఉన్నాయి. వదిన ఒకదాన్ని అరచేతిలో దులిపింది. ముడుతలు పడిన గింజలు నాలుగు రాలాయి.

"ఇవి ఇక్కడ కాయలు కాస్తున్నాయా?" అంది, ఎవర్నీ అడగకుండానే.

"పెరట్లో మీరు ఈగల్ని వాలనివ్వరు. ఇక్కడ వాటిని ఆపేదెవరు?" అంది ఎర్లిందా.

వదిన గింజలు జేబులో వేసుకుంది. వానకు నీళ్ళు జారిన గీత ఒకటి గుట్టల దగ్గర్నుంచి కిందికి, తూము వైపు దిగుతోంది. ఆ గీత వెంబడి, గడ్డి పక్కకు తీసి చూస్తే, చిన్న చిన్న మొక్కలు. వేలంతవి, చెయ్యంతవి, ఒంటి విసనకర్రలా నాలుగాకులున్నవి, అక్కడక్కడ పూసినవి. ఎవరూ విత్తనివి. వదిన మోకాళ్ళ మీద కూర్చుని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ముప్పై ఏడు దాకా నేను విన్నాను. త్రినిదాద్ పైనుంచి కేకేశాడు. సరుకు బండి వచ్చింది. మేము ముగ్గురం గడ్డి పట్టుకుని కట్టకు ఆనుకున్నాం. ఎనభై పెట్టెలు పైనుంచి పోతున్నంతసేపూ వదిన ముక్కుకు అంగుళం దూరంలో ఉన్న ఊదారంగు పువ్వునే చూస్తోంది.

చప్పుడు తగ్గాక, "నీ తాతయ్యను ఎక్కడ తవ్వావో సరిగ్గా చూపించు" అంది.

ఎర్లిందా కిందికి దిగి తూము రాయి పక్కన చెయ్యి పెట్టింది. గుట్టలకు ఇరవై అడుగుల దూరం.

"ఎప్పుడు?"

"రోసాల్బా కడుపులో ఉంది. వంగలేక కూర్చుని తవ్వాను. అరవైలో, మార్చి అనుకుంటా. వేలంత ఉందని మీకు మొదటిరోజే చెప్పాను కదండీ."

వదిన ఆ రాయి వంక, పైనున్న గుట్టల వంక చూసింది. తర్వాత నా వైపు తిరిగి, నేను రాసుకోవలసినదేదో చెప్తున్నట్టు మెల్లిగా అంది. "యాభై ఏడులో నేను పారేసిన మొక్క అరవైకి వేలంత ఉండదు. చాటంత ఉంటుంది. పూసి కూడా ఉంటుంది. నేను పారేసింది ఇక్కడ పూసి, ఈగ ముట్టి, కాయ కాసి, గింజ నీళ్ళలో కొట్టుకొచ్చి ఇక్కడ మొలిచింది. నేను దాన్ని పారేయలేదు. నేను దాన్ని ఎప్పుడూ చూడనే లేదు."

"అంటే మీది కాదన్నమాట" అంది ఎర్లిందా.

"కాదు. నీది." అని, మళ్ళీ నా వైపు తిరిగి, "ఈ పిల్ల మొదటిరోజే చెప్పింది బ్లాంచ్. వేలంత ఉందంది. ఈ ఏడే పూసిందంది. నేను విన్నాను గాని చెవిలో వేసుకోలేదు" అంది.

రెండేళ్ళుగా ఆవిడ మీదున్న బరువు దిగినట్టు మొహం తేటపడింది. నేను ఆవిడ నొచ్చుకుంటుందేమోనని భయపడ్డాను. ఆవిడ మాత్రం అప్పటికే ఇంకో మొక్క దగ్గరికి పాక్కుంటూ పోయింది, దాని తండ్రి ఎవరై ఉంటాడో తనలో తాను అనుకుంటూ.

జూన్‌లో జరిగిన జిల్లా సంఘం సమావేశానికి వదిన ఎర్లిందాను వెంటబెట్టుకుని వచ్చి, లేచి నిలబడింది. ఇంతమంది ఎదుట ఆవిడ ఎప్పుడూ మాట్లాడలేదు.

"రెండేళ్ళ కిందట నేను ఈవిడ మొక్కను నాదన్నాను. అందరూ విన్నారు. అది నాది కాదు. ఇది కూడా అందరూ వినాలి" అని కూర్చుంది.

మొక్కను ఎర్లిందా పేర నమోదు చేయించాలన్నది వదిన పట్టు. సంఘంలో ఇద్దరు అడ్డం పడ్డారు. జత కట్టింది ఎవరూ లేనప్పుడు, కట్ట మీద ఏరుకున్న మనిషిని పెంపకందారు అని ఎలా రాస్తామన్నారు.

"వందలో ఒకదాన్ని చూసి ఇది బాగుంది అని ఎంచుకునేవాళ్ళే పెంపకందారు" అంది వదిన. "ఆ కట్ట మీద ఎన్ని మొలిచాయో నేను లెక్కపెట్టాను. అరవై నాలుగు. వాటిలో ఈమె ఎంచింది ఒక్కటి, అదీ పూయకముందు. ఎలా ఎంచావమ్మా?"

ఎర్లిందా ఆలోచించింది. "ఆకులు మిగతావాటిలా పడుకోలేదండీ. నిటారుగా ఉన్నాయి. చలికి ఓర్చుకుంటుందనిపించింది."

అడ్డం పడ్డవాళ్ళలో ఒకాయన నవ్వేసి, "రాయండి, రాయండి" అన్నాడు. తల్లి: ఒటిలీ హావ్లిక్ పారేసిన మొలక. తండ్రి: తెలియదు. పేరు మాత్రం ఎర్లిందా తన ఇంటి భాషలోనే పెట్టింది, అబువెలితో అని, అంటే తాతయ్య.

అది బాగా పేరు తెచ్చుకుంది. జడ్జీలు ఓట్లు వేసి ఇచ్చే పెద్ద బహుమతి మాత్రం రాలేదు. ఎందుకు రాలేదంటే కొంత మా వదిన వల్లే. ఎర్లిందా ఇచ్చిన ముక్కను ఆవిడ తన పెరట్లో నాటింది. పేడ వేసిన నేల కదా, ఎనిమిదిన్నర అంగుళాలు పెరిగింది. ఎనిమిది దాటితే చిట్టి తరగతిలో ఓటు వెయ్యకూడదు. ఆవిడ వెయ్యలేదు.

"మా గోడ పక్క ఏడుంపావే కదక్కా ఉంది" అని వాదించింది ఎర్లిందా. అప్పటికి ఆమె వదినను అక్కా అనే పిలుస్తోంది.

"నీ గోడ పక్క ఉన్నదానికి నువ్వు జడ్జివైనప్పుడు ఓటెయ్యి."

ఎర్లిందా ఆ మాటను ఊరికే వదల్లేదు. శిక్షణకు చేరింది. పెన్సిలు వదిలి, బడి మానేసి ఇరవై ఏళ్ళయినామె, ఇద్దరు పిల్లల మధ్య కూర్చుని పరీక్షలకు చదివింది. వదిన ప్రశ్నలడగడం, ఈమె అంట్లు తోముతూ జవాబులు చెప్పడం. అలా ఐదేళ్ళు పట్టింది. 1969 వసంతంలో చర్చి కింది హాల్లో ఆమె మొదటిసారి జడ్జిగా నడిచింది. వెనక రాసుకునే పని మళ్ళీ నాదే.

ఆ రోజు బల్ల మీద వదిన పద్దెనిమిదేళ్ళ కష్టం ఒకటుంది. తెల్లటి పువ్వు, వేలిమచ్చ, గడ్డం నీలమే. ఎట్టకేలకు తనే జత కట్టి తెప్పించింది. ఊరంతా దానికే మొదటి రిబ్బను అనుకుంది. నేనూ ముందే రాసేయబోయాను.

"ఆగండి" అంది ఎర్లిందా. వంగి, పక్కనుంచి చూసి, మళ్ళీ ఎదురుగా చూసింది. "రెండోది. కాడ పొట్టి. పువ్వు ఆకుల్లో మునిగిపోయింది."

తలుపులు తీశాక వదిన వచ్చి మొదటి బహుమతి నీలం రిబ్బను కోసం వెతికి, రెండోదానికిచ్చే ఎర్రది చూసింది. ఎర్లిందా అక్కడే నిలబడి ఉంది, చేతులు వెనక్కి పెట్టుకుని.

వదిన భూతద్దం తీసి చాలాసేపు చూసింది.

"నిజమే. మునిగింది" అంది. "నాకెందుకు కనపడలేదంటావ్?"

"అది మీ దగ్గర పెరిగింది కదక్కా. నేను కొత్తగా చూశాను."

వదిన తల ఊపి నోటుపుస్తకంలో ఏదో రాసుకుంది. ఆ మధ్యాహ్నం ముగ్గురం బయట మెట్ల మీద కూర్చుని, ఎర్లిందా తెచ్చిన మిరపకాయల మాంసం పెట్టిన మొక్కజొన్న పొట్లాలు తిన్నాం. కాడ పొడుగు పెరగాలంటే ఏ జత కట్టాలన్న దాని మీద వాళ్ళిద్దరూ సీసాలు సర్దే వేళ దాకా వాదించుకున్నారు.

పై ఏడు త్రినిదాద్‌కు వయోమింగ్ బదిలీ అయింది. ఎర్లిందా వెళ్తూ తాతయ్యనూ, కట్ట మీది మొక్కల్లో పదకొండింటినీ తడిగోనెలో చుట్టి తీసుకుపోయింది. మొదటి వసంతం అక్కడినుంచి ఉత్తరం వచ్చింది. తాతయ్య అక్కడ అయిదు అంగుళాలు దాటలేదట. ఆకులు మాత్రం ఇక్కడికంటే వెడల్పు. ఎందుకో మీరే చెప్పాలక్కా అని రాసి, మందుసీసా నిండా అక్కడి మట్టి పోసి, మైనంతో మూత అంటించి పంపింది.

ఆ పార్సెలు గోదాముకే వచ్చింది. నేను మధ్యాహ్నం భోజనం ఇవ్వడానికి వెళ్ళేసరికి వదిన తూకం బల్ల మీద తెల్లకాగితం పరిచి, ఆ మట్టి పోసి, భూతద్దంతో చూస్తోంది. చిటికెడు నాలుక మీద కూడా వేసుకుంది. బయట రెండు లారీలు తూకానికి ఆగి, హారన్లు కొడుతున్నాయి.

"వదినా, వాళ్ళు పిలుస్తున్నారు" అన్నాను.

"ఉండనీ" అంది తలెత్తకుండా. "దీంట్లో సున్నం ఎక్కువ ఉంది. నువ్వు చూడు."